జొన్నరొట్టె ఖరీదు

హైదరాబాదు నుంచి పల్నాడు పోవడానికి రెండు దారులున్నాయి. సాగర్ మీదుగా వస్తే డ్యాము చూసుకుంటూ, కొండల మలుపులు తిరుగుతూ మాచర్ల చేరతాం. మిర్యాలగూడ మీదుగా వస్తే వాడపల్లి దగ్గర, మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట, వంతెన దాటి పొందుగలలో దిగుతాం. చుట్టాలెవరైనా మొదటిసారి వస్తుంటే సాగర్ దారి చెబుతాను. నేను మాత్రం రెండోదే పడతాను. ఈ దారిలో ముందు సిమెంటు లారీ, వెనక సిమెంటు లారీ. దాచేపల్లి దాటి పిడుగురాళ్ళ దగ్గరపడేసరికి సున్నపు బట్టీల పొగ, రోడ్డు పక్క వేపాకుల మీద తెల్లటి పొడి. గొంతులో ఆ దుమ్ము తగిలితేగాని నాకు ఊరొచ్చినట్టుండదు. పిడుగురాళ్ళలో ఆగి టీ తాగుతాను. ఆ టీ గొప్పగా ఏమీ ఉండదు, పంచదార మరీ ఎక్కువ. కానీ గ్లాసు చేతికిస్తూ కొట్టతను "యాడికయ్యా పోవాల?" అని అడుగుతాడు. హైదరాబాదులో టీ పోసేవాళ్ళెవరికీ నా ప్రయాణంతో పనిలేదు.

పల్నాడు పోతున్నానంటే ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న బాంబుల గురించే. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. 2024 మే నెలలో పోలింగు గొడవల తర్వాత 144వ సెక్షన్ పెట్టినప్పుడు నవ్వడానికి కుదరలేదు. మాచర్లలో ఉన్న మా మావయ్యకు ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాం గానీ, కూరగాయలోడు రావట్లేదురా, పప్పు తినీ తినీ విసుగొచ్చింది" అన్నాడు. ఆ కబురుతో నా ఆదుర్దా సగం తగ్గింది. తిండి మీద విసుక్కుంటున్నాడంటే మనిషి నిబ్బరంగా ఉన్నట్టే లెక్క.

ఈ మావయ్యకు పల్నాడు సరిహద్దుల మీద గట్టి పట్టింపు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. వినుకొండ, చిలకలూరిపేట, సత్తెనపల్లి, ఆఖరికి అమరావతి ఊరు కూడా అందులోకి వచ్చాయి. ఆయన ఒప్పుకోడు. ఆయన లెక్కలో పల్నాడంటే గురజాల, మాచర్ల, కారెంపూడి, ఇటు దాచేపల్లి. అంతే. నరసరావుపేట "పేట". పేటకు పోయేది కోర్టుకూ, ఆస్పత్రికీ, కొత్త సినిమాకూ. "పేటవాళ్ళు పల్నాటోళ్ళు ఎప్పుడయ్యార్రా?" అని కలెక్టరాఫీసు బోర్డు చూసినప్పుడల్లా అంటాడు. నేను చదువుకున్నది పేటలో, సెలవులు గడిపింది పల్నాట్లో కాబట్టి ఈ తగాదాలో నోరెత్తను.

మా అమ్మమ్మ ఊరు గురజాలకు అవతల, రెంటచింతల వైపు. నాన్న ఉద్యోగం గుంటూరులో. ఎండాకాలం సెలవులివ్వగానే గుంటూరులో మాచర్ల బండి ఎక్కేవాళ్ళం. అప్పటికింకా మీటరు గేజి. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి దాటి గురజాలలో దిగేసరికి కిటికీ ఊచలు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ రెంటచింతలలో నమోదైందని రేడియోలో చెబితే మా మావయ్య తనకేదో బహుమతి వచ్చినట్టు మీసం దువ్వుకునేవాడు. ఇల్లంతా నాపరాయి. నేల నాపరాయి, అరుగు నాపరాయి, పెరటి చుట్టూ దడి కూడా నిలువెత్తు నాపరాతి పలకలు పాతి కట్టిందే. పగలు ఆ రాయి కాలిపోయేది. రాత్రి అరుగు మీద నీళ్ళు కుమ్మరించి, ఆవిరి చల్లారాక పడుకునేవాళ్ళం.

ఆ ఇంట్లో రెండు వంటలు జరిగేవి. ఇంట్లోవాళ్ళకు జొన్న, మాకు వరి. పొద్దున్నే అంబలి, మధ్యాహ్నం జొన్నకూడు, రాత్రి రొట్టె. జొన్నలు రోట్లో తడిపి దంచి, పొట్టు చెరిగి, ఉడికిస్తే గట్టిగా ముద్ద కట్టేది. అందులోకి గోంగూర పచ్చడి, కాదంటే పచ్చిపులుసు, ఆఖర్న మజ్జిగ. వరన్నం పండగలకూ, అల్లుళ్ళకూ, పట్నం నుంచి వచ్చిన మాకూ. "గుంటూరు పిల్లలు, జొన్నకూడు అరగదు" అనేది అమ్మమ్మ. నిజానికి మాకు బియ్యం వండాలంటే ఆమె ఎక్కడో అప్పు తెచ్చేదని చాలా ఏళ్ళకు అమ్మ చెప్పింది. మావయ్య పిల్లలు మా కంచాల్లో తెల్లటి అన్నం వంక చూసేవాళ్ళు. మేం వాళ్ళ చేతుల్లో వేడి రొట్టె వంక చూసేవాళ్ళం. ఈ సంగతి ఎక్కువ రోజులు దాగలేదు. గడ్డివాము వెనక బేరం కుదిరింది. ముద్ద అన్నానికి చారెడు రొట్టె. మా బావ ఆ బేరంలో మోసం చేసేవాడు, రొట్టె అంచు మాడినవైపు తుంచి ఇచ్చేవాడు. నాకు మాడిన అంచే ఇష్టమని వాడికి తెలీదు.

జొన్నకూడును ఎగతాళి చేసినవాళ్ళలో అందరికన్నా పెద్దవాడు శ్రీనాథుడు. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో చెప్పిన కవే ఈ సీమకు వచ్చి, సన్నబియ్యం దొరక్క, నీళ్ళు దొరక్క విసిగిపోయి చాటువులు చెప్పాడని లోకం అనుకుంటుంది. ఆ పద్యాలు మా తెలుగు మాస్టారు క్లాసులో రాగం తీసి చదువుతుంటే పిల్లలందరూ నవ్వారు. సెలవులకు పోయినప్పుడు మావయ్యకు అప్పజెప్పాను. ఆయన చుట్ట వెలిగించుకుంటూ, "ఆయన్ను ఎండాకాలంలో ఎవడు రమ్మన్నాడు?" అన్నాడు. సాహిత్య విమర్శలో అంత సూటి మాట నేను మళ్ళీ వినలేదు. సంక్రాంతికి వచ్చి ఉంటే, కొత్త జొన్న కంకులు నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి ఊదుకుని తినుంటే, ఆయన పద్యం వేరేగా ఉండేదని నేనూ నమ్ముతాను.

నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు గానీ మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవగా వినలేదు. "సాగర్ కాలవ" అంటారు, లేదంటే ఉత్త "కాలవ". అమ్మమ్మ వాళ్ళ చేలదాకా పిల్లకాలువ తవ్వుకుంటూ రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. వచ్చిన ఏడు మావయ్య కొంత చెక్కలో వరి నాటాడు. ఆ చేను చూడ్డానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి గట్టు మీద నిలబడడం నేను చూశాను. వరి ఎన్నడూ చూడనివాళ్ళు కాదు, తమ ఊళ్ళో చూడనివాళ్ళు. తర్వాత పత్తి వచ్చింది, మిరప వచ్చింది, వాటితో అప్పులూ వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక, కాలువ పారని ఊళ్ళలో కూడా జొన్న పక్కకు జరిగింది. నేను డిగ్రీ చదువుతూ సెలవులకు పోయేసరికి అమ్మమ్మ ఇంట్లో ఒకటే వంట. పిల్లలూ పెద్దలూ అందరి కంచాల్లో తెల్లన్నం. రోలు పెరట్లో వేపచెట్టు కింద ఉంది, కోళ్ళు దాంట్లో వాననీళ్ళు తాగుతున్నాయి. "రొట్టె చెయ్యి అమ్మమ్మా" అంటే ఆమెకు కోపం వచ్చింది. "నీకెందుకురా అది? మాకు దిక్కులేక తిన్నాం" అంది.

కాలువ అందరి చేలకూ పారిందనుకునేరు. డ్యాము మాచర్లకు కూతవేటు దూరం. దాని నీళ్ళు పల్లంలో ఒంగోలు వైపు దాకా పోతాయి గానీ, మెరక మీద ఉన్న వెల్దుర్తి పల్లెలకు ఎక్కవు. వాళ్ళకోసం వరికపూడిశెల ఎత్తిపోతల పథకం అన్నారు. దానికి శంకుస్థాపనలు ఒకటికి మించి జరిగాయి. 2023 నవంబరులో మాచర్లలో ఇంకొకటి జరిగింది. వెల్దుర్తి నుంచి వచ్చే మా పాలవాడి మాటల్లో చెప్పాలంటే, రాళ్ళకు మాత్రం పల్నాట్లో ఎప్పుడూ కరువు రాలేదు.

పేటలో నేను చదివింది ఎస్.ఎస్.ఎన్. కాలేజీ. 1950లో పెట్టింది. ప్రకాశ్‌నగర్‌లో గది, నెలవారీ టిక్కెట్ల మీద మెస్సు భోజనం. ఆ మెస్సు నడిపే పెద్దాయన ఏ పూటా రెండోసారి పప్పు వడ్డించడానికి వెనకాడలేదు గానీ, నెయ్యి గిన్నె మాత్రం తన చేతిలోంచి వదిలేవాడు కాదు. చెంచా వాల్చే కోణం బట్టి మేం టిక్కెట్టు బాకీ ఉందో లేదో చెప్పేవాళ్ళం. తెలుగు సాహిత్యంలో నాకు నచ్చిన ఊరు తిరుగుడు పుస్తకం "క్రీడాభిరామం" అప్పుడే చేతికొచ్చింది. ఇద్దరు స్నేహితులు, మంచనశర్మ, టిట్టిభసెట్టి, పొద్దున్నుంచి రాత్రిదాకా ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెడతారు. ఒక పూటకూళ్ళ ఇంట్లో రూక ఇచ్చి భోంచేస్తారు. సన్నన్నం, పప్పు, నెయ్యి, కూరలు, అన్నీ ఏకరువు పెట్టాడు కవి. ఆ వీధుల్లోనే ఒకచోట పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి కూడా కనిపిస్తుంది. రాసింది వినుకొండ వల్లభరాయుడు. కాదు, శ్రీనాథుడే రాశాడనే పండితులూ ఉన్నారు. నేను మాత్రం వినుకొండ పక్షం. జొన్నసీమ నుంచి పెద్ద ఊరు పోయి, రూకకు ఇన్ని రకాలా అని నోరు తెరిచినవాడికే ఆ వడ్డన జాబితా అంత ఇష్టంగా రాయడం చేతనవుతుంది. ఇది ఋజువు కాదని నాకూ తెలుసు.

సాయంత్రం ఐదు దాటితే మల్లమ్మ సెంటర్ వైపు కాళ్ళు వాటంతటవే పోయేవి. బజ్జీల బండి. పొడుగు మిరపకాయకు నిలువునా గాటు పెట్టి, వాము, ఉప్పు, చింతపండు కలిపిన ముద్ద కూరి, శనగపిండిలో ముంచి నూనెలో జారవిడుస్తాడు. ఒకసారి వేగాక తీసి, చల్లారనిచ్చి, అడిగినప్పుడు మళ్ళీ వేయిస్తాడు. రహస్యమంతా ఆ రెండో వేపులో ఉంది. కోసి, ఉల్లిపాయ ముక్కలు పెట్టి, నిమ్మకాయ పిండి, ఎవరిదో పాత నోటుపుస్తకం కాగితంలో పెట్టి ఇచ్చేవాడు. బజ్జీ తింటూ ఆ కాగితం మీది లెక్కలు చదివేవాళ్ళం. ఒకసారి నా మిత్రుడికి వాడి సొంత కెమిస్ట్రీ రికార్డు కాగితమే వచ్చింది. వాళ్ళమ్మ తూకానికి అమ్మేసిందట.

మొన్న శీతాకాలం పోయినప్పుడు అదే మూల అదే బండి, పొయ్యి దగ్గర కొడుకు. కాగితం పోయి ప్లాస్టిక్ పూత ప్లేటు వచ్చింది. రుచి తగ్గిపోయిందని పేటలో నా తోటివాళ్ళందరూ అంటారు. నాకలా అనిపించలేదు. మిరపకాయ ఇంకా ఘాటుగానే ఉంది, రెండో వేపు కొడుకు కూడా మానలేదు. తగ్గింది మా కడుపు అని చెబితే మిత్రులు ఒప్పుకోలేదు. ఒకడికి బీపీ, ఒకడికి అల్సరు, ఇంకొకడు పిండి ఒలిచేసి మిరపకాయ ఒక్కటే తిన్నాడు. మెస్సు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. దాని ముందు నిలబడి చూసేదేముంది, వచ్చేశాను.

పేటకు పోవడానికి అన్నిటికన్నా మంచి వేళ మహాశివరాత్రి ముందు వారం. అప్పటికి కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డుకు రెండు వైపులా ఎర్రటి పట్టాలు పరిచినట్టుంటుంది, బస్సులో సగంమంది తుమ్ముతుంటారు. కోటప్పకొండ ఇక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. మూడు శిఖరాల కొండ, పైన త్రికూటేశ్వరుడు. ఆ కొండమీద కాకి వాలదంటారు. కాలేజీ రోజుల్లో మేం రాత్రి నడిచిపోయేవాళ్ళం. ఊరూరి నుంచి ప్రభలు కదులుతుంటాయి. వెదురు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, ఎనభై, తొంభై అడుగుల ఎత్తు లేపి, నిలువునా కరెంటు దీపాలు పెడతారు. మా అమ్మమ్మ కాలంలో ఎడ్లు లాగేవి, మా కాలానికి ట్రాక్టర్లు వచ్చాయి. పురుషోత్తమపట్నం ప్రభ పెద్దదా, కావూరుదా అని చీకట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో వాదించుకుంటూ నడిచేవాళ్ళం. కరెంటు తీగలు అడ్డొచ్చినచోట ప్రభ ఆగుతుంది. దాన్ని వంచేవాళ్ళు, తాళ్ళు పట్టేవాళ్ళు, అరిచేవాళ్ళు. ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవనివాళ్ళు అంత బరువును అంత ఒడుపుగా ఎలా వంచుతారో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

ప్రభ ముందు వేదిక మీద రాత్రంతా పాటలు, డాన్సులు. శివుడికి జాగారం చెయ్యడానికి ఇంత చప్పుడు కావాలా అని పెద్దవాళ్ళు గొణిగేవాళ్ళు, గొణుగుతూనే చూసేవాళ్ళు. ఉపవాసం అన్న పేరుకు మేమూ ఉపవాసమే. చెరుకు ముక్క తింటే తప్పులేదు, అరటిపండు తింటే తప్పులేదు, సోడా అసలు లెక్కలోకే రాదు. తెల్లారి కొండెక్కి దర్శనం చేసుకుని, ప్రసాదం అరిసెలు కొనుక్కుని మెట్ల మీదే కూచుని తినేవాళ్ళం. ఒక రాత్రంతా నడిచిన ఆకలికి ఆ నెయ్యి వాసన తగలడం ఎలా ఉంటుందో కారులో ఘాటు రోడ్డు మీదుగా గుడి దాకా పోయేవాళ్ళకు చెప్పినా తెలీదు. ఇప్పుడు నేనూ కారులోనే పోతున్నాను. అరిసెలు కొంటాను, తింటాను. బాగానే ఉంటాయి, అంతకంటే ఏమీ లేదు.

కారెంపూడి వేరు. అక్కడికి నేను నడివయసులో గాని పోలేదు, చిన్నప్పుడు ఎవరూ తీసుకుపోలేదు. అందుకే దానికి నాలో పోలిక పెట్టే పాత జ్ఞాపకం లేదు, ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. కార్తీక అమావాస్యతో వీరారాధన మొదలవుతుంది. ఐదు రోజులు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. నలగామరాజు గురజాల, మలిదేవుడి మాచర్ల, నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారెంపూడి కదనం. కథ బడిలో చదివిందే. కానీ ఊరూరి నుంచి వీరాచారవంతులు తమ తమ వీరుల ఆయుధాలు, కొణతాలు, భుజాన ఎత్తుకుని నాగులేటి వైపు నడుస్తుంటే పుస్తకం గుర్తురాదు. నా పక్కన నిలబడ్డ ఒక ముసలాయన ఒక్కొక్క ఆయుధాన్నీ చూపిస్తూ అది ఎవరిదో పేరుపేరునా చెప్పుకొచ్చాడు. తన ఇంట్లో పోయినవాళ్ళ గురించి ఎలా చెబుతారో ఆ గొంతుతోనే. బాలచంద్రుడి పేరు దగ్గర ఆగి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటింది.

మందపోరు రోజున చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టాడని చెప్పే కథకు గుర్తు. నేను కూచున్న బంతిలో ఒక పక్క పోలీసు కానిస్టేబులు, ఇంకో పక్క గొర్రెల కాపరి. వేడన్నం, కూర, పులుసు. కానిస్టేబులు డ్యూటీలో ఉన్నానని మొహమాటపడుతుంటే, వడ్డించే కుర్రాడు "ఇయ్యాల మీరు కూడా వీరులే సార్, తినండి" అని ఇంకో గరిటె వేశాడు. మిగతా 360 రోజులూ ఊళ్ళలో బంతులు ఎలా సాగుతాయో నాకు తెలుసు, ఆ కాపరికి ఇంకా బాగా తెలుసు. ఆయన మాత్రం ఎవరి వంకా చూడకుండా మూడుసార్లు అడిగి వడ్డించుకుని, విస్తరి మడిచి లేచాడు. ఆ కూడు కొంచెం చప్పగా ఉందని నాతో చెప్పాడు కూడా. నిజమే, ఉప్పు తక్కువైంది.

కారెంపూడి నుంచి మాచర్ల పోయేటప్పుడు దుర్గి మీదుగా పోతే రోడ్డు పక్కన శిల్పులు బొమ్మలు చెక్కుతూ కనిపిస్తారు. ఆ చుట్టుపక్కలదే మించాలపాడు. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టేది లేదన్నందుకు 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపిన ఊరు. ఆమధ్య ఆ దారిన పోతున్నప్పుడు చప్టా పక్కన ఎవరో మేకల్ని తోలుకుపోతుంటే కారాపి దారి ఇచ్చాం. కారులో ఉన్నది నేనూ, మా అమ్మా.

అమ్మకు ఎనభై దాటింది. మాచర్ల చెన్నకేశవుణ్ణి ఒక్కసారి చూసి రావాలని ఏడాదిగా అంటోంది. చంద్రవంక ఒడ్డున గుడి. చిన్నప్పుడు చైత్రమాసం తిరునాళ్ళకు బండి కట్టుకుని వచ్చేవాళ్ళట. మండపం స్తంభాల మీద చెక్కిన రామాయణ ఘట్టాలను చేత్తో తడిమి చూస్తూ, "ఈ కోతి ముక్కు అప్పుడే విరిగింది" అంది. దర్శనం అయ్యాక, సాగర్ రోడ్డులో పల్నాటి వంటలకు పేరుపడిన ఒక దాబాకు తీసుకుపోయాను. అసలు ఆ దాబా కోసమే నేను ఈ ప్రయాణం మాచర్ల వైపు మళ్ళించానని ఆమెకు చెప్పలేదు. ఎత్తిపోతల చూడ్డానికి వచ్చే హైదరాబాదు కార్లు అక్కడ వరసగా ఆగుతాయి. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు. రొట్టె ఒక్కటి 40 రూపాయలు.

అమ్మ ధర విని కుర్చీలో నిటారుగా కూచుంది. "జొన్నరొట్టె నలభయ్యా? మీ అమ్మమ్మ వింటే మళ్ళీ చచ్చేది." కుర్రాడు వచ్చి ఏం కావాలంటే, "నాకు అన్నం తే నాయనా. తెల్లన్నం. రొట్టె వీడికివ్వు, వీడు డబ్బున్నోడు" అంది.

రొట్టె వచ్చింది. గుండ్రంగా, పలచగా, అంచులు కోసినట్టు సమంగా ఉంది. పులుసు బ్రహ్మాండం. పండుమిరప కారం, గసగసాలు, ఎముక దగ్గర గట్టిగా పట్టుకుని ఉండే నాటుకోడి. రొట్టె మాత్రం చల్లారేలోపే బిరుసెక్కింది. యజమాని నలభై ఏళ్ళ ఆడమనిషి, బల్లల మధ్య తిరుగుతూ అందర్నీ పలకరిస్తోంది. జొన్నలు ఎక్కడివని అడిగాను. "ఇప్పుడు మా వైపు ఎవరేస్తున్నారు సార్? మిరప, పత్తి. మాకు తెనాలి వైపు నుంచి వస్తాయి. మాగాణిలో వరి కోసినాక దున్నకుండానే జొన్నేస్తారంట. ఎక్కువ కోళ్ళ దాణాకే పోద్ది, మంచివి ఏరి మాకిస్తారు" అంది. ఆ మాట విని నేను కాసేపు తినడం ఆపాను. మా అమ్మమ్మ అప్పు తెచ్చి మాకు వండిన బియ్యం తెనాలి వైపువే. ఆ మాగాణి వాళ్ళు పెళ్ళి సంబంధాలకు వచ్చి, జొన్నసీమ సంబంధం వద్దని తిరిగిపోయిన కథలు మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి మా పిన్నిది, తెనాలి పేరెత్తితే ఆమె ఇప్పటికీ లేచి వెళ్ళిపోతుంది.

అమ్మ నా పళ్ళెంలోంచి రొట్టె ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"అమ్మాయ్, పిండిలో చన్నీళ్ళు పోశారా?"

"గోరువెచ్చటియ్యి పోస్తామమ్మా."

"గోరువెచ్చనివి చాలవు. నీళ్ళు తెర్లాలి. తెర్లే నీళ్ళలో పిండి పోసి మూతపెట్టి, చెయ్యి కాలుతుండగానే పిసకాల. ఇది కర్రతో ఒత్తారు, తట్టలేదు. అంచు చూస్తేనే తెలుస్తోంది."

"రోజుకి రెండొందలు రొట్టెలమ్మా, తట్టాలంటే మనుషులు దొరకట్లా."

"పద, చూపిస్తా."

నేను వద్దంటున్నా వినకుండా అమ్మ లేచి వంటశాల వైపు నడిచింది. యజమాని ముందు నవ్వి, తర్వాత కంగారుపడి, ఆఖరికి పీట వేసింది. నేను చెయ్యి కడుక్కుని పోయేసరికి అమ్మ చీర కొంగు దోపుకుని, పీట మీద పిండి చల్లి, ముద్దను అరచేత్తో తడుతోంది. తట్టిన ప్రతిసారీ రొట్టె దానంతటదే కొంచెం తిరుగుతోంది. ఇద్దరు వంటవాళ్ళు, ఒక సర్వరు కుర్రాడు చుట్టూ నిలబడ్డారు. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్ళు అద్ది, తిరగేసింది. "ఇప్పుడు నిప్పుల మీద పెట్టాల. మీకు నిప్పులేవి?" అంది చుట్టూ చూస్తూ. అది గ్యాస్ పొయ్యి. బర్నరు మంట మీదే పట్టుకారుతో పట్టుకుంది. రొట్టె పూరీలా పూర్తిగా పొంగలేదు గానీ, మధ్యలో పొర లేచింది. ఒక అంచు మాడింది.

"తినండమ్మా, మీరు చేసింది మీరే తినండి" అంది యజమాని.

"నాకొద్దు. అన్నం తిన్నా. వాడికివ్వు, మాడిన అంచు వాడికిష్టం."

ఎప్పటి సంగతి ఆమెకెలా తెలిసిందో నేనడగలేదు. బావ చెప్పి ఉంటాడు. బిల్లులో ఆ రొట్టె వెయ్యలేదు, మిగతావాటికి తీసుకున్నారు. అమ్మ బిల్లు కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క వరసా చదివింది.

"అన్నం ఎంతేశారు?"

"అరవై."

"అయితే నాదే ఎక్కువ" అంది.

యజమాని కారు దాకా వచ్చి, ఈసారి వస్తే రెండు రోజులుండి మావాళ్ళకు నేర్పమని అడిగింది. అమ్మ కిటికీ అద్దం దించి, "ముందు కట్టెల పొయ్యి కట్టించు. పచ్చజొన్నలు తెప్పించు, ఈ తెల్లవి వద్దు. ఆ రెండూ చేసి మావాడికి ఫోన్ చెయ్యి, వస్తా" అంది. ఆమె నిజంగానే నా నంబరు రాసుకుంది.